ఓయ్ అంటే ఓయ్ అనాలి

చీకట్లో సముద్రం మీద పోయే పడవకు అల్లంత దూరాన మరో దీపం కనిపిస్తే జాలరి చేసే మొదటి పని కేక వేయడం. "ఓయ్!" అంటాడు. అవతలినుంచి "ఓయ్!" అని వినబడితే గుండె కుదుటపడుతుంది. ఆ పలికినవాడు ఏ పేటవాడు, వల ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నాడు, ఇంజను ఏ కంపెనీది అన్న ఆరా అప్పుడెవరికీ పట్టదు. కేకకు కేక బదులు. నీటి మీద బతికేవాళ్ళ మర్యాద అది.

మనుషులకు తెలిసిన ఈపాటి మర్యాద మనుషులు చేసిన యంత్రాలకు తెలియకపోవడమే ఈ వారం ముచ్చట. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి యంత్రాల గొడవ ఎందుకని అనకండి. తరచి చూస్తే ఇది భాషకు సంబంధించిన తగువే. ఎలాగో మనవి చేస్తాను.

విశాఖపట్నంలో బీచి రోడ్డు వెంట పోతే జాలరిపేట వస్తుంది. ఇసుకలో వరసగా పడవలు, వాటి నీడన వలలు బాగుచేసుకునే మగవాళ్ళు, బుట్టలు సర్దుకునే ఆడవాళ్ళు. ఇవి ఎప్పటినుంచో ఉన్నవే. కొత్తగా వచ్చినవి పెట్టెలు. వలా, చద్దన్నం గిన్నే, మంచినీళ్ళ డబ్బా పక్కన ఇప్పుడు అరచేతిలో ఇమిడే యంత్రాలు కూడా వేటకు బయలుదేరుతున్నాయి.

అవి ఏమేమిటో చూడండి. సెల్‌ఫోను సరే, అందరి దగ్గరా ఉన్నదే. కాని అది తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే మూగపోతుంది. అందుకని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ 2019లో జెమిని అనే పరికరాన్ని తెచ్చింది. అది ఉపగ్రహం నుంచి వచ్చే తుపాను హెచ్చరికలు, అలల సమాచారం, చేపలు దొరకవచ్చునన్న చోట్లు అందుకొని ఫోనుకు చెబుతుంది. అయితే అది వినగలదే గాని పలకలేదు. ఇస్రో వారు 2010 నుంచి ఆపద వేళ మీట నొక్కితే తీర రక్షక దళానికి కబురు పంపే పరికరాన్ని ఇస్తున్నారు. మొదట వచ్చిన రకం పలకగలదు గాని వినలేదు. మునిగిపోతున్నవాడు మీట నొక్కితే కబురు పోతుంది. "విన్నాం, వస్తున్నాం" అన్న మాట మాత్రం తిరిగి రాదు. రెండో తరం పరికరంలో ఆ బదులు వచ్చే ఏర్పాటు చేశారు. ఆ ఒక్క బదులు విలువ ఎంతో ఒడ్డున ఎదురుచూసే ఇల్లాలిని అడగాలి.

ఇవి గాక 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి పాల్ఘర్‌లో ఒక పథకాన్ని ప్రారంభించారు. తీర రాష్ట్రాలన్నిటిలో కలిపి లక్ష చేపల పడవలకు ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహం ద్వారా రెండు వైపులా కబురు నడిపే పెట్టెలు, ఉచితంగా అమర్చాలని సంకల్పం. దానికి నభ్‌మిత్ర అనే వేరే యాప్. పెద్ద మరపడవలకు ఏఐఎస్ అని ఇంకొకటి. అన్నీ ఒకే పడవలో ఉంటాయని కాదు. కాని ప్రతి పెట్టెకూ వేరే అధిపతి, వేరే తెర, వేరే భాష.

పేటలో ఒక ముసలాయన్ని, "ఏం తాతా, ఇప్పుడు మీకు సమాచారానికి లోటు లేదు గదా?" అన్నాను. ఆయన వల మీది చెయ్యి తియ్యకుండానే, "ఇన్ని పెట్టెలెట్టుకుని ఏటి సేస్తాం మేస్టారూ? ఒకటి గాలంటాది, ఒకటి అలంటాది. రెండూ కూడబలుక్కుని 'ఒచ్చీరా' అని ఒక్క మాట సెప్పీది ఏదీ?" అన్నాడు.

ఇంజనీర్లు పెద్ద పెద్ద గ్రంథాలలో రాసే సమస్యను ఆయన మూడు ముక్కల్లో తేల్చాడు. దాన్ని ఇంగ్లీషువారు ఇంటర్‌ఆపరబిలిటీ అంటారు. కూడబలుక్కోవడం అన్న మన మాట అంతకన్నా బాగుంది.

ఇప్పుడు యంత్రాలు లోకాన్ని చూచి, విని, కొలిచి, ఆ కొలతలను ఇంటర్నెట్ ద్వారా పంపుకుంటున్నాయి. పడవ మీది పెట్టె, వీధి దీపం, నీళ్ళ ట్యాంకు, కరెంటు మీటరు, ఇంట్లో ఏసీ, అన్నీ. దీనికే ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అని పేరు. ఈ వస్తువులు పంపిన కొలతలు వచ్చి చేరే చోటును ప్లాట్‌ఫారం అంటారు. రైలు ప్లాట్‌ఫారం లాంటిదే అనుకోండి. బండ్లు వచ్చి ఆగుతాయి, సరుకు దిగుతుంది, ఎక్కుతుంది. చిక్కు ఏమిటంటే ఒక్కొక్క కంపెనీ తన పట్టాలు తాను వేసుకొని, తన స్టేషను తాను కట్టుకున్నది. ఒకరి బండి మరొకరి స్టేషనుకు రాదు.

మన ఉత్తరాంధ్రవారికి ఈ చిక్కు కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ స్టేషనును తలుచుకోండి. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్దలైను పట్టాల మధ్య దూరం అయిదడుగుల ఆరంగుళాలు. పర్లాకిమిడి రాజావారు తమ ఊరికి వేయించుకొన్న చిన్నలైనుకు రెండడుగుల ఆరంగుళాలు. అది 1900లో నడక మొదలుపెట్టింది. రెండు బండ్లూ నౌపడకు వచ్చేవి. ఇంజను ఇంజనే, బొగ్గు బొగ్గే, బియ్యం బస్తా బియ్యం బస్తాయే. అయినా చిన్నబండిలో వచ్చిన బస్తాను కూలివాడు నెత్తిన పెట్టుకొని పెద్దబండిలోకి మార్చవలసిందే. చిన్నలైను 2004లో మూతపడి, వెడల్పు పట్టాలతో 2011లో గుణుపురం దాకా మళ్ళీ తెరుచుకొనేవరకు, నూరేళ్ళపైన ఆ సరిహద్దు అలాగే ఉన్నది.

యంత్రాల లోకంలో నౌపడ కూలివాడి పని చేసేదాన్ని గేట్‌వే అంటారు. ఈ పెట్టె మాట ఆ పెట్టెకు తర్జుమా చేసి పెడుతుంది. మంచిదే. కాని రెండు లైన్లుంటే ఒక కూలివాడు చాలు. పది రకాల పెట్టెలుండి ప్రతిదీ మిగిలిన ప్రతిదానితో మాట్లాడవలసి వస్తే నలభై అయిదు జంటలకు తర్జుమా కావాలి. అందులో ఒక కంపెనీ తన పద్ధతి కాస్త మార్చిందంటే తొమ్మిది తర్జుమాలు చెడిపోతాయి. అదే పదిమందీ ఒక ఉమ్మడి భాష నేర్చుకుంటే ఒక్కొక్కరు ఒక్కటి నేర్చుకుంటే సరిపోతుంది. లెక్క ఇంత తేలిక. ఆచరణ ఎందుకు తేలిక కాదు?

మొదటి కారణం నావంటి భాషా పండితులు చెప్పదగ్గది. మాట ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు. "అలల ఎత్తు రెండు మీటర్లు" అని ఒక పెట్టె చెప్పిందనుకోండి. సముద్ర శాస్త్రంలో మామూలుగా ఇచ్చే అంకె అన్నిటికన్నా పెద్ద అలది కాదు. వచ్చే అలలలో ఎత్తయిన మూడోవంతు తీసి, వాటి సగటు చెబుతారు. ఆ అంకె రెండు అయినప్పుడు మధ్య మధ్య దానికి ఇంచుమించు రెట్టింపు ఎత్తున అల లేచి రావచ్చును. వేరొక పెట్టె పెద్ద అల కొలతే ఇస్తుందనుకోండి. రెండూ మీటర్లే, రెండూ అలల ఎత్తే. తీగె కలిసింది, అక్షరం కలిసింది, అర్థం కలవలేదు. ఆ రెండు అంకెలనూ కలిపి సగటు కట్టే యంత్రాన్ని నమ్మి పోయినవాడి గతేమిటి?

గాలి సంగతీ అంతే. 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చిపెట్టిన హుద్‌హుద్ తుపాను మనకింకా కళ్ళకు కట్టినట్టున్నది. దాని గరిష్ఠ వేగం మన వాతావరణ శాఖ లెక్కలో గంటకు 185 కిలోమీటర్లు. అమెరికా నౌకాదళం వారి తుపాను కేంద్రం లెక్కలో 215. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మనవారు మూడు నిమిషాల సగటు తీస్తారు, వారు ఒక నిమిషం సగటు తీస్తారు. తక్కువసేపు కొలిస్తే విసురు ఎక్కువగా కనిపిస్తుంది. మనిషైతే "మీది ఎన్ని నిమిషాల లెక్క?" అని అడుగుతాడు. యంత్రానికి ఆ ప్రశ్న తోచదు. అంకెతోబాటు దాని కులగోత్రాలు కూడా, అంటే ఏ కొలత, ఎంతసేపు, ఎక్కడ, ఎప్పుడు, ఏ పరికరంతో అన్నవి రాసి పంపాలని ముందే ఒప్పందం ఉండాలి. ఉమ్మడి భాష అంటే ఉమ్మడి నిఘంటువు కూడానన్నమాట.

రెండో కారణం ఇంతకంటె మొండిది. అది తెలియక కాదు, ఇష్టం లేక. దానికీ సముద్రం మీదనే ఒక పాత కథ ఉన్నది. వైర్‌లెస్ కొత్తగా వచ్చిన రోజులలో మార్కోనీ కంపెనీ తన యంత్రాలను ఓడలకు అద్దెకిచ్చి, వాటిని నడిపే ఉద్యోగులను కూడా తానే పెట్టేది. ఇతర కంపెనీల యంత్రాలున్న ఓడలు పిలిస్తే పలకవద్దని వారికి నిబంధన. పలకలేక కాదు, పలకకపోతే అందరూ తమ యంత్రమే పెట్టుకుంటారని వ్యాపార సూత్రం. 1902లో జర్మనీ చక్రవర్తి తమ్ముడు హైన్రిక్ రాకుమారుడు అమెరికానుంచి తిరిగి వస్తున్న ఓడలో జర్మనుల యంత్రం ఉన్నది. మార్కోనీ స్టేషన్లు దానికి బదులివ్వలేదు. రాజుగారి తమ్ముడికే దిక్కు లేకపోతే సామాన్యుడి మాట చెప్పాలా?

జర్మనీ ఊరుకోలేదు. 1903లో బెర్లిన్‌లో దేశాలను సమావేశపరిచింది. 1906లో అక్కడే ఒడంబడిక అయింది. యంత్రం ఎవరిదైనా సరే, తీరంలోని స్టేషన్లు ఓడలకు, ఓడలు తీరానికి పలికి తీరాలన్నారు. ఓడకూ ఓడకూ మధ్య కూడా అలాగే ఉండాలన్న నియమానికి మాత్రం బ్రిటన్ వంటి దేశాలు అప్పుడు ఒప్పుకోలేదు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. ఆ వేసవిలోనే లండన్‌లో జరిగిన సమావేశంలో ఆ నియమమూ ఖాయమైంది. ఆరేళ్ళుగా నలుగుతున్న మాట తీరుబడిగా తేలలేదు. నడిసముద్రంలో పదిహేను వందల మంది పోయాక తేలింది.

ఈ కథ తవ్వి చెప్పడం ఎందుకంటే, కంపెనీల మధ్య ఉమ్మడి భాష వాటంతట అవి సద్బుద్ధి పుట్టి రాదు. అడిగేవాళ్ళుంటే వస్తుంది. ఒక ప్లాట్‌ఫారంలో చిక్కిన కొనుగోలుదారు మరోచోటికి పోలేడు. అమ్మేవాడికి అది లాభం. అమెరికాలో రివాల్వ్ అనే ఇంటి పరికరం ఉండేది. దాన్ని నెస్ట్ కంపెనీ కొన్నది. 2016 మే నెలలో దాని వెనకనున్న సేవను ఆపేసింది. మూడు వందల డాలర్లు పోసి కొన్న పెట్టెలు, చెడిపోకుండానే, ఒక్క రోజులో బొమ్మలైపోయాయి. ప్లాట్‌ఫారం ఒక్కరిదే అయితే వస్తువు మనదని అనుకోవడం సగం భ్రమే.

ఇలా అన్నానని నిరాశ పడకండి. అడిగి సాధించిన మంచి ఉదాహరణలూ ఉన్నాయి. ఇందాక చెప్పిన ఏఐఎస్ అటువంటిది. ఓడ తన పేరు, చోటు, దిక్కు, వేగం వైర్‌లెస్‌లో చాటుకుంటూ పోయే పద్ధతి అది. అంతర్జాతీయ యాత్రలు చేసే 300 టన్నుల పైబడిన ఓడలన్నిటికీ 2004 ఆఖరుకల్లా తప్పనిసరి అయింది. కొరియా పెట్టె నార్వే పెట్టె మాట వినగలదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా విశాఖ రేవులోకి వచ్చే ఓడలు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది అలాగే.

ఆర్గో అని మరొకటి. ప్రపంచ సముద్రాలన్నిటా కలిపి నాలుగు వేల దాకా తేలే యంత్రాలు వదిలారు. ఒక్కొక్కటి వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకొకసారి రెండు వేల మీటర్లకు దిగి, నీటి వేడి, ఉప్పదనం కొలుచుకుంటూ పైకి వచ్చి, ఉపగ్రహానికి చెప్పి మళ్ళీ మునుగుతుంది. చేసినవి వేరువేరు కంపెనీలు, వదిలినవి వేరువేరు దేశాలు. రాత మాత్రం అన్నిటిదీ ఒకటే. సమాచారం అందరికీ ఉచితం. మన బంగాళాఖాతం లెక్కలు చూచే భారతీయ కేంద్రం హైదరాబాదు ఇన్‌కాయిస్‌లోనే ఉన్నది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం నాడి పట్టుకోగలుగుతున్నారంటే ఆ ఒక్క రాత మహిమే.

హెచ్చరికలకూ ఉమ్మడి రాత వచ్చింది. కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అంటారు. 2004లో పుట్టింది. ఏ ప్రమాదం, ఎంత తీవ్రం, ఎంత తొందర, ఏ ప్రాంతానికి, ఎప్పటిదాకా, ఏం చేయాలి, ఇవన్నీ ఒకే వరసలో రాయాలి. అలా రాస్తే అదే హెచ్చరికను ఫోనూ, టీవీ, సైరనూ దేని పద్ధతిన అది చెప్పగలదు. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, సీడాట్ కలిసి నడిపే సచేత్ ఈ పద్ధతి మీదనే నడుస్తున్నది. మన ఫోన్లకు వచ్చే పిడుగుల హెచ్చరికలు అందులోవే.

ఇక అన్ని రకాల వస్తువులకూ కలిపి ఒక వ్యాకరణం రాయాలని 2012లో వివిధ దేశాల ప్రమాణ సంస్థలు వన్‌ఎం2ఎం అనే కూటమి కట్టాయి. తరవాత మన దేశపు సంస్థ కూడా చేరింది. ఆ ప్రమాణాలను మన టెలికాం ఇంజనీరింగ్ సెంటర్ జాతీయ ప్రమాణాలుగా స్వీకరించింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఆవరణలోని స్మార్ట్ సిటీ ప్రయోగశాలలో నీటి నాణ్యత, గాలి నాణ్యత, కరెంటు వాడకం కొలిచే వేరువేరు పరికరాలను ఈ వ్యాకరణంతోనే ఒక చోటికి తెచ్చి చూపారు. చేయగల పని అని తేలింది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి ఇరవై స్మార్ట్ నగరాలలో విశాఖ ఒకటి. కనుక పరికరాల కొనుగోలు కాగితాలలో "ఉమ్మడి భాష మాట్లాడాలి" అన్న షరతు ఉన్నదా అని అడిగే హక్కు ఈ నగరవాసులకు అందరికంటె ముందున్నది.

ఇంటి విషయంలో ఆ షరతు పెట్టవలసినది మీరే. బల్బు, ఫ్యాను, తాళం, ఒక్కొక్కటి ఒక్కో యాప్ అడుగుతుంటే ఇల్లాలి ఫోను కొట్టుగదిలా తయారవుతున్నది. ఆపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ వంటి పోటీదారులు కూడా దిగివచ్చి మ్యాటర్ అనే ఉమ్మడి పద్ధతికి ఒప్పుకున్నారు. 2022లో అది వెలువడింది. కొనేటప్పుడు డబ్బా మీద ఆ గుర్తు ఉన్నదేమో చూడండి. దుకాణంవాడిని రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఇతర కంపెనీల వస్తువులతో మాట్లాడుతుందా? మీ కంపెనీ రేపు సేవ ఆపితే ఇది పని చేస్తుందా? వాడు తల గోక్కుంటే మీరు చెప్పులు తొడుక్కోండి.

అయితే తాత అడిగిన మరో ప్రశ్న దాటవేయకూడదు. "సేప దొరికే సోటు సొంత తమ్ముడికే సెప్పం మేస్టారూ. ఈ పెట్టెలన్నీ ఏకమైతే ఊరంతా సాటీవా?" అన్నాడు. న్యాయమైన భయం. కూడబలుక్కోవడం వేరు, గుట్టు విప్పడం వేరు. ఏ మాట ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది కూడా ఆ ఉమ్మడి వ్యాకరణంలో భాగమే కావాలి. ఆపదలో పడవ ఉన్న చోటు తీర రక్షక దళానికి తక్షణం తెలియాలి. మామూలు రోజున అతని వేట చోటు చేపల వ్యాపారికి తెలియనక్కరలేదు. ఆ తాళంచెవి పడవవాడి చేతిలోనే ఉండాలి.

జాలరులకు ఈ కూడబలుకు విద్య పెట్టెలకన్నా ముందే వచ్చును. నడిసముద్రంలో తమ చోటు గుర్తుపెట్టుకోవడానికి వారు ఒడ్డున ఒక కొండనూ దాని ముందరి గుర్తునూ ఒక వరసలోకి తెచ్చుకుంటారు. ఇంకో వైపున మరో జంటను అలాగే చూసుకుంటారు. ఒక్క వరసతో చోటు తేలదు. రెండు వరసలు ఎక్కడ కోసుకుంటాయో అదీ చోటు. కొండలు కదిలి ఒకదాని దగ్గరకు ఒకటి రానక్కరలేదు. ఎక్కడివక్కడ నిలబడి, నిజం చెబితే చాలు. ప్లాట్‌ఫారాలు కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోనక్కరలేదు. ఒక సంస్థ కింద అన్నిటినీ కట్టిపెట్టనూ అక్కరలేదు.

లక్ష పడవల మీద పెట్టెలు బిగిస్తున్న కాలమిది. బిగించాక మార్చడం నౌపడ పట్టాలు మార్చినంత పని. బిగించేటప్పుడే అడగడం ఒక్క వాక్యం పని. 1906లో సగం చెప్పి వదిలేసిన మాటను 1912 పూర్తి చేయించిన తీరు చూశాం గదా. ఈసారి మునక కోసం ఆగకుండా, ముందే ఆ వాక్యం రాయించుకోవాలి: పెట్టె ఎవరిదైనా సరే, పిలిస్తే పలకాలి.